చేతనైనంత కాలం

రెండు చేతులూ రెండు బటన్ల మీద పడితే తప్ప ఆ కత్తి దిగదు. ఆ మిషను పుట్టుకతో వచ్చిన నీతి అది. శనివారం పొద్దున తొమ్మిదీ పన్నెండుకి కత్తి దిగినప్పుడు మేస్త్రీ కుడిచెయ్యి కుడి బటన్ మీదే ఉంది. ఎడమచెయ్యి కత్తి కింద ఉంది. మరి ఎడమ బటన్ నొక్కిన మూడో చెయ్యి ఎవరిది?

ఆ ప్రశ్న నెత్తిన పెట్టుకుని లేఖరి పావుగంట నుంచి కటింగు మిషను ముందు పీట వేసుకుని కూర్చున్నాడు. ముప్పయ్యేళ్లు దస్తావేజులు రాసిన మనిషి. రాతపని కంప్యూటర్లకు పోయాక దొంగ సంతకాలూ దిద్దిన తేదీలూ పట్టివ్వడం మొదలెట్టి, అట్నుంచి అటే నేరాల ఆరాలోకి దిగాడు. పేరుతో పిలిచేవాళ్లు ఎవరూ మిగల్లేదు. లేఖరి అంటేనే తెలుస్తుంది.

"మిషన్ని చూస్తున్నారా, కునుకు తీస్తున్నారా లేఖరి గారూ?" అంది ప్లీడరమ్మ. గుమ్మం దగ్గర కుర్చీలో ఫైలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఈ బైండింగు షాపు యజమాని తరఫు మనిషి ఆమె.

"అది మాట్లాడుతుందేమోనని చూస్తున్నా, ప్లీడరమ్మా."

"మాట్లాడితే చెప్పండి. సాక్షిగా పిలిపిస్తా."

గోడమీద గడియారం నాలుగుంపావు చూపిస్తోంది. ఐదింటికి ఇన్‌స్పెక్టరు వస్తాడు. ప్రమాదమని రాసుకుంటాడా, నేరమని రాసుకుంటాడా, అజాగ్రత్త అని రాసుకుంటాడా అన్నది ఈ ముప్పావుగంటలో తేలాలి. షాపు వెనక రెండు గదుల్లో ఉంటున్న మేస్త్రీ కుటుంబం రేపు ఎక్కడుంటుందన్నది ఆ రాతని బట్టే ఉంటుంది.

లేఖరిని పిలిపించింది మేస్త్రీ కూతురు. ఇదే షాపులో పుస్తకాలు కుడుతుంది. మిషను పక్కన గోడకి ఆనుకుని నిలబడి ఉంది. మూడు రోజులుగా ఆస్పత్రికీ షాపుకీ తిరిగి తిరిగి ఆ పిల్ల ముఖం ఉతికి ఆరేసిన గుడ్డలా ఉంది.

"బాబాయ్, నాన్న ఆ బటన్లో కాయితం కుక్కే మనిషి కాదు. మీకు తెలుసుగా" అంది.

"నాకు తెలిస్తే చాలదమ్మా. తెలిసినట్టు ఆ మిషను చెప్పాలి."

ప్లీడరమ్మ ఫైల్లోంచి ఒక చిన్న ప్లాస్టిక్ కవరు తీసి పైకి ఎత్తి చూపించింది. లోపల బొటనవేలి గోరంత మడత. బాగా దళసరి కాగితం, ఎనిమిది తొమ్మిది మడతలు వేసి, జిగురు పెట్టి బిగించిన ముద్ద.

"ఎడమ బటన్ చుట్టూ ఉన్న సందులో ఇది కుక్కి ఉంది. బటన్ నొక్కుకునే ఉండిపోయింది. నేను వచ్చి నా చేత్తో నేనే తీసి కవర్లో పెట్టా. ఇందులో పెద్ద మిస్టరీ ఏం లేదు లేఖరి గారూ. పనివాళ్లు పని తొందరగా అవుతుందని ఒక బటన్ బిగించేసి ఒంటిచేత్తో లాగించేస్తారు. ప్రతి షాపులోనూ ఉన్నదే. దాన్ని అజాగ్రత్త అంటారు. అజాగ్రత్త అయితే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. కాగితం రాసింది మీరే."

చివరి మాట మెల్లగానే అంది. అయినా అది తగలాల్సిన చోట తగిలింది.

ఇరవై రెండేళ్ల కిందటి ఒప్పందం అది. అప్పటి పెద్ద యజమాని తన షాపును చేతుల మీద నిలబెట్టిన మేస్త్రీకి వెనక రెండు గదులూ రాసిచ్చాడు, చేతనైనంత కాలం ఉండమని. ఒంట్లో శక్తి ఉడిగి పని చేతకాకపోతే గదులు వదలాలి. పనిలో ఉండగా దెబ్బ తగిలి చేతకాకుండా పోతే మాత్రం వదలక్కర్లేదు, ఎవరూ ఖాళీ చేయించరాదు. ఆ దెబ్బ తన అజాగ్రత్త వల్ల తగిలిందై ఉండకూడదు. ఇంతే కాగితం. ఇప్పుడు పెద్ద యజమాని లేడు. కొడుకు షాపుతో సహా మొత్తం జాగా అమ్ముతున్నాడు. కొనేవాళ్లు ఖాళీగా అప్పగిస్తేనే పుచ్చుకుంటాం అన్నారు. నెలాఖరు గడువు. నెలాఖరుకి తొమ్మిది రోజులుంది.

లేఖరి లేచాడు. జేబులోంచి భూతద్దం తీసి ఎడమ బటన్ చుట్టూ ఉన్న ఇనుప అంచు మీద పెట్టాడు.

"ప్లీడరమ్మా, కాస్త ఇలా రండి. ఈ అంచు మీద రంగు ఎన్నిచోట్ల లేచిందో లెక్కపెట్టండి."

ఆమె వంగి చూసింది. "ఒకచోట."

"కొత్తదా, పాతదా?"

"లోపల ఇనుము మెరుస్తోంది. కొత్తదే."

"రోజూ బిగించి పనిచేసే బటనైతే అంచు కొరికిన పెన్సిల్లా ఉండాలి. ఇది ఒక్కసారే. శనివారం ఒక్కరోజే."

"మొదటిసారి చేసిన తప్పూ తప్పే. దానికేం రాయితీ లేదు."

"లేదు" అని ఒప్పుకున్నాడు లేఖరి. తర్వాత కత్తి కింద ఉన్న కాగితాల కట్ట వైపు చూశాడు. దాన్ని ఎవరూ కదపలేదు. పై కాగితాలు నల్లగా గట్టిపడి ఉన్నాయి. అంచు పట్టుకుని కొసలు లేపి చూశాడు. అన్నీ తెల్లవే. కొన్నింటి మూలలు చిరిగి ఉన్నాయి.

"ఇవి ఏ పుస్తకం తాలూకు?"

"ఏదీ కాదు బాబాయ్, రద్దీ కాయితాలు" అంది కూతురు. "పనికిరానివి ఆ మూల బస్తాలో వేస్తాం."

"పక్కన బల్ల మీద కోయాల్సిన పుస్తకాలు నలభై ఉంటే, రద్దీ కాగితాలు కోస్తున్నాడెందుకు?"

"కత్తి పదును చూసుకోడానికి. పొద్దున్నే మొదటి కోత రద్దీ మీదే వేస్తారు" అన్న గొంతు వెనకనుంచి వినబడింది. చిన్న యజమాని. ముప్పై దాటని మనిషి. మూడు రోజుల్లో ముప్పై ఏళ్లు పైబడ్డట్టు కనిపించాడు. ముందు గదిలో ఫోను పెట్టేసి వచ్చి నిలబడ్డాడు.

లేఖరి తల ఊపాడు. ఆ సమాధానం సరిపోయింది. సరిపోయింది కాబట్టి పక్కన పెట్టేశాడు.

"బాబూ, శుక్రవారం సాయంత్రం నుంచి చెప్పు. ఆఖరి కోత ఎప్పుడు పడింది?"

"ఐదున్నరకి. మేస్త్రీ మామే కోశాడు. మిషను బాగానే ఉంది."

"తర్వాత?"

"ఆరింటికి అందరూ వెళ్లిపోయారు. మామ కూడా గదికి వెళ్లాడు. నేను లెక్కలు చూసుకుని ఏడింటికి తలుపులు వేశా."

"ఆరు నుంచి ఏడు దాకా షాపులో ఒక్కడివే."

"...అవును."

"శనివారం?"

"మామ ఎనిమిదీ నలభైకి తలుపు తీశాడు. రోజూ ఆయనే తీస్తాడు. నేను తొమ్మిదికి వచ్చా. తొమ్మిదీ ఎనిమిదికి ఫోను వచ్చింది. ఈవిడే చేశారు. మాట్లాడుతుండగానే..."

"అరుపు నేనూ విన్నా" అంది ప్లీడరమ్మ. మొదటిసారి ఆమె గొంతులో ప్లీడరు లేదు. "తొమ్మిదీ పన్నెండు. ఫోన్లోనే విన్నా."

లేఖరి వేళ్ల మీద లెక్కేశాడు. శుక్రవారం ఐదున్నర నుంచి శనివారం తొమ్మిదీ పన్నెండు లోపల ఈ మిషను పక్కన ఒంటరిగా నిలబడ్డవాళ్లు ఇద్దరే ఇద్దరు. ఒకరు ఆస్పత్రి మంచం మీద ఉన్నారు. ఇంకొకరు ఎదురుగా ఉన్నారు.

అప్పుడే కూతురి ఫోను మోగింది. విని, "నాన్న కళ్లు తెరిచాడంట బాబాయ్! నర్సు రమ్మంటోంది" అంటూ పరుగున బయల్దేరింది. ఆస్పత్రి రెండు వీధుల అవతలే. గుమ్మం దాటబోతుంటే లేఖరి ఆపాడు.

"అమ్మాయీ, ఒక్కమాట. శనివారం పొద్దున నాన్నలో ఏమైనా తేడా కనిపించిందా? ఎంత చిన్నదైనా."

ఆ పిల్ల ఆలోచించింది. "ఏం లేదు బాబాయ్. సగం గ్లాసు టీ తాగాడు. ఈమధ్య సగమే పొయ్యమంటున్నాడు, ఒలుకుతుందంటాడు. ఆఁ, ఉతికి ఇస్త్రీ చేసిన చొక్కా తీసి పెడితే వద్దని ఆ చిరుగుల చొక్కా వేసుకున్నాడు. మంచి చొక్కా ఎందుకే పాడుచేసుకోవడం అన్నాడు. అంతే."

వెళ్లిపోయింది. లేఖరి ఆ మాటల్ని విన్నాడు. చూపు, వినికిడి రెండూ చురుకైన మనిషని అతనికి పేరు. ఆ సాయంత్రం మాత్రం అతని మనసు ఎదురుగా నిలబడ్డ కుర్రవాడి మీద ఉంది. దొంగ దొరికాడనుకున్నవాడికి గుమ్మంలో అడుగుజాడలు కనబడవు.

"బాబూ, మీ మేస్త్రీ మామ కాగితం ఎలా కోసేవాడో నీకు తెలుసా?"

"తెలియకపోవడమేంటి! ఈ షాపులోనే పెరిగా. నన్ను ఈ బల్ల మీద కూర్చోబెట్టుకుని పని చేసేవాడు."

"కరెంటు తీసేసి ఉంది. భయం లేదు. ఒకసారి చేసి చూపించు."

చిన్న యజమాని మిషను ముందుకు వచ్చాడు. ఏమీ ఆలోచించకుండానే కుడి అరచెయ్యి తీసుకెళ్లి కుడి బటన్ మీద ఆనించాడు. ఎడమచెయ్యి కట్ట మీదికి పోబోయి, ఆ మరకల దగ్గర ఆగి, గాల్లోనే ముందు నుంచి వెనక్కి మూడుసార్లు నిమిరింది. పసిపిల్ల తల నిమిరినట్టు. ఆ తర్వాత ఎడమచెయ్యి పైకి లేచి ఎడమ బటన్ మీదికి వచ్చింది.

"చాలు! చేతులు తియ్యండి!" ప్లీడరమ్మ కుర్చీలోంచి లేచింది. లేచేసరికే ఆలస్యమైపోయింది.

"ఏమైంది?" అన్నాడు అతను, తెల్లబోయి.

"ఏం లేదు బాబూ. బాగా చూపించావు." లేఖరి ప్లీడరమ్మ వైపు తిరిగాడు. "చూశారుగా. కుడి బటన్ రంగంతా పోయి రేకు తేలింది. ఎడమది ఇప్పటికీ పచ్చగానే ఉంది. మేస్త్రీది ఎడమచేతి వాటం. పనంతా ఆ చేత్తోనే. కుడిచెయ్యి వచ్చీ రాగానే బటన్ మీద వాలి కూర్చుంటుంది. ఎడమచెయ్యి కాగితాల్ని నిమిరి, ఆఖరున వస్తుంది. పాతికేళ్ల అలవాటు. ఎడమ బటన్ బిగించిన సంగతి అతనికి తెలిస్తే కుడిచెయ్యి అక్కడ వాల్చి, ఎడమచెయ్యి కత్తి కింద పెడతాడా? తన గొయ్యి తను తవ్వుకుని అందులో పడుకుంటాడా? తెలియదు. వేరే ఎవరో బిగించారు. ఆ ఎవరో ఈ నిమురుడు తెలిసినవాళ్లు. ఏ బటన్ బిగిస్తే ఏ చెయ్యి పోతుందో తెలిసినవాళ్లు."



చిన్న యజమాని మిషను నుంచి ఒక అడుగు వెనక్కి వేశాడు. "నేనా?" అన్నాడు. "నేనా లేఖరి గారూ? మా నాన్న పోయిన రోజు నన్ను ఒళ్లో పెట్టుకున్న చెయ్యండీ అది."

"తెలుసు బాబూ. అందుకే అడగడానికి నాకు నోరు రావట్లేదు."

"నోరు రాకపోయినా బాగానే అడిగారు" అంది ప్లీడరమ్మ. ముఖం ఎర్రబడింది. "ఇప్పుడు నేనడుగుతా, చెప్పండి. మావాడికి దీనివల్ల లాభమేంటి?"

"గదులు ఖాళీ అవుతాయి. కాగితం ముద్ద బటన్లోనే వదిలేశాడు. చూసినవాళ్లు మీలాగే అజాగ్రత్త అనుకోవాలని."

"గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు వాడతాడండీ? సోమవారం పొద్దున పదకొండింటికి మేస్త్రీకి డాక్టరు దగ్గర పరీక్ష జరగాల్సింది. నేనే పెట్టించా. వారం ముందే నోటీసు ఇచ్చాం, సంతకం పెట్టి తీసుకున్నాడు. డాక్టరు ఒక్కసారి ఆయన ఎడమచెయ్యి చూస్తే చాలు, పనికి చేతకాదని రాసిచ్చేవాడు. గదులు వాటంతటవే ఖాళీ. సోమవారం ఊరికే వచ్చేదాన్ని మావాడు శనివారం నెత్తురు చిందించి తెచ్చుకుంటాడా?"

లేఖరి భూతద్దం జేబులో పెట్టేశాడు.

"ఎడమచెయ్యి చూస్తే ఏం కనబడేది?"

"వణుకు. మీకు తెలియదా? ఆర్నెల్ల నుంచీ ఉంది. అట్టల మీద అక్షరాలు అద్దడం మానేశాడు. గీతలు వంకరపోతున్నాయి."

"మామ ఎవరికీ చెప్పొద్దన్నాడు" అన్నాడు చిన్న యజమాని, నేల చూస్తూ. "కూతురికి కూడా. నేనే నోరు జారి ఈవిడకు చెప్పా. చెప్పకుండా ఉండాల్సింది."

సగం గ్లాసు టీ. ఒలుకుతుందంటాడు.



"ప్లీడరమ్మా, ఆ కవరు ఒకసారి ఇస్తారా?"

"ఇన్‌స్పెక్టరు ముందు విప్పిద్దామనుకున్నా."

"మీ ఎదురుగానే విప్పుతా. చిరగకుండా విప్పాలి. కాగితంతో బతికినవాణ్ణి, నమ్మండి."

ఆమె ఒక్క క్షణం అతని ముఖంలోకి చూసి కవరు ఇచ్చేసింది. అరగంటగా పోట్లాడుకుంటున్న మనుషులే. ఆ చూపులో మాత్రం పోట్లాట లేదు.

జిగురు కలిపే గిన్నెలో నీళ్లు పోయించుకుని, ముద్దను అందులో వేశాడు లేఖరి. జిగురు నానేదాకా కదలకుండా నిలబడ్డాడు. ఆ మడతలు ఒక బైండరు వేసినవి. అంచుకి అంచు సరిగ్గా కలిసింది. మిగతావాళ్లెవరైనా అయితే కాగితాన్ని నలిపి కుక్కేస్తారు. ఇలా కొలిచి మడవరు. మొదటి చూపులోనే కనబడాల్సింది. కనబడలేదు. మేస్త్రీ మంచివాడు, మంచివాడికి చెడు చేసేది ఇంకొకడే అయి ఉంటాడనుకున్నాడు. మేస్త్రీ నిమురుడు తెలిసినవాళ్లని వెతికాడు గానీ, అందరికంటే ముందు అది తెలిసింది మేస్త్రీకేనన్న సంగతి లెక్కలోకి తీసుకోలేదు.

ఒక్కో మడతా గోటితో విప్పాడు. సిరా కొంచెం అలికింది. నీలంలో నలుపు కలిసిన సిరా. రెండు పేరాలు. ఆఖరి వరస తర్వాత ఖాళీ వదలకుండా కాగితం అంచుదాకా ఒక అడ్డగీత. ఆ ఖాళీలో ఎవరూ తర్వాత ఏమీ చేర్చకుండా దస్తావేజులు రాసేవాళ్లు కొట్టే గీత అది.

ఆ గీత ఎవరిదో లేఖరికి చదవకుండానే తెలిసింది.

మూడు నెలల కిందట ఒక ఆదివారం. మేస్త్రీ లేఖరి ఇంటికొచ్చాడు. మంచినీళ్లిస్తే గ్లాసు రెండు చేతులా పట్టుకుని తాగాడు. పల్లెటూరి మర్యాద అనుకున్నాడు లేఖరి. ఇద్దరూ పల్లెటూళ్ల నుంచి వచ్చినవాళ్లే, నాలుగు ముక్కలు నేర్చుకున్నవాళ్లే. "ఆ కాయితంలో నా గదుల గురించి ఏం రాశావో నాకర్థమయ్యేట్టు ఒకసారి రాసియ్యవయ్యా. ఊరికే, తెలుసుకుందామని" అన్నాడు మేస్త్రీ. లేఖరి ఉత్సాహంగా రాసిచ్చాడు. పైగా చదివి వినిపించాడు. పెద్దరికం ఒలకబోశాడు. "చూశావా, ముసలితనంతో చెయ్యి పడిపోతే గదులు పోతాయి. అదే చెయ్యి మిషను కింద పడిపోతే పోవు. చట్టం ఎంత తమాషాయో!" అని నవ్వాడు.

మేస్త్రీ కూడా నవ్వాడు. కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. అంచుకి అంచు కలిపి.

ఎలాగూ పోతున్న చెయ్యినే ఇచ్చాడు. ఎవరి పుస్తకమూ పాడు కాకుండా రద్దీ కాగితాల మీద ఇచ్చాడు. మంచి చొక్కా పాడు కాకుండా చిరుగుల చొక్కా వేసుకుని ఇచ్చాడు. బటన్లో కుక్కడానికి మందపాటి కాగితం కావాల్సి వస్తే, మూడు నెలలుగా జేబులో పెట్టుకుని చదువుకుంటున్న కాగితమే చేతికొచ్చింది. పని అయ్యాక అది లాగి పారేద్దామనుకుని ఉంటాడు. మిషను ముసలిదైంది, దాని తప్పే అనుకుంటారు, ఎవరి మీదా పడదు. ఆ లాగేపాటి స్పృహ నిలవలేదు. అంత బాధని కొలిచి చూసుకోవడం ఏ బైండరుకి మాత్రం తెలుస్తుంది!

చేజేతులా అంటే ఇన్నాళ్లూ ఒక మాటే అనుకున్నాడు లేఖరి.

"ఏం రాసుంది?" అంది ప్లీడరమ్మ. ఆమె నిలబడ్డ వైపు నుంచి అక్షరాలు తలకిందులుగా ఉన్నాయి.

అతను తడికాగితాన్ని బల్ల మీద పరిచాడు.

"చేతిరాత ఎవరిదో తెలుస్తోందా?"

"తెలుస్తోంది. నాదే."

చిన్న యజమాని తలెత్తాడు. ప్లీడరమ్మ కళ్లు సన్నబడ్డాయి. "మీది బటన్లోకి ఎలా వచ్చింది? ఎవరికి రాసిచ్చారు?"

గడియారం ఐదుకు ఎనిమిది నిమిషాలు తక్కువ చూపిస్తోంది. లేఖరికి రెండు దారులు కనబడుతున్నాయి. నోరు మూసుకుంటే, అతను ఇందాక కట్టిన లెక్క అలాగే నిలబడుతుంది. మూడో చెయ్యి చిన్న యజమానిదే అవుతుంది. మేస్త్రీకి గదులు దక్కుతాయి, మేస్త్రీ ఎత్తుకుని పెంచినవాడు జైలుకి పోతాడు. నోరు తెరిస్తే ఇతను బయటపడతాడు, మేస్త్రీ వీధిన పడతాడు. ఒక కాగితంతో ఇద్దరి మెడకీ ఉరి తగిలించడం దస్తావేజు రాసేవాడికి తప్ప ఎవరికీ చేతకాదు.

గుమ్మంలో చెప్పుల చప్పుడైంది. మేస్త్రీ కూతురు. ఆయాసంతో, నవ్వుతూ, కళ్లనీళ్లతో.

"నాన్న మాట్లాడాడు బాబాయ్! నన్ను గుర్తుపట్టాడు. మీరు కేసు చూస్తున్నారని చెప్తే మిమ్మల్నే అడిగి రమ్మన్నాడు."

"ఏం అడగమన్నాడు?"

"'గదులు మనకుంటాయా, లేఖరిని అడుగు' అన్నాడు." నవ్వు మెల్లగా తగ్గింది ఆ పిల్లకి. "చెయ్యి ఎలా ఉందని అడగలేదు బాబాయ్. చూసుకోనైనా చూసుకోలేదు. ముందు అదే అడిగాడు."

ప్లీడరమ్మ ఆ అమ్మాయిని చూసింది, తడికాగితాన్ని చూసింది, లేఖరిని చూసింది. చట్టం చదువుకున్న మనిషి. ఇంకెవరూ చెప్పక్కర్లేకపోయింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కుర్చీలో కూర్చుండిపోయింది.

"ఈ మాట ఎవరు రాయమన్నారో మీకు తెలుసా ప్లీడరమ్మా?" అన్నాడు లేఖరి. "చేతనైనంత కాలం. పెద్ద యజమాని అలా చెప్పలేదు. 'బతికినంత కాలం ఉంటాడని రాయవయ్యా' అన్నాడు. నేనే, శుభమా అని రాసే కాగితంలో చావు మాట స్ఫురించేట్టు ఎందుకండీ, చేతనైనంత కాలం అందాం, రెండూ ఒకటే, వినడానికీ బాగుంటుంది అన్నాను. ఆయన సరేనన్నాడు. మేస్త్రీ అక్కడే ఉన్నాడు. మిగతా మెలికలన్నీ ఆ మాటకి అతుకులుగా నేను చేర్చినవే. వినడానికి బాగుండాలని రాశా. అది ఇరవై రెండేళ్ల తర్వాత ఒకడి చెయ్యి అడుగుతుందని నాకేం తెలుసు!"

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదే?" అంది ఆమె.

"తప్పు అనుకుంటేగా చెప్పడానికి."

ఆమె ముందుకు వంగింది. గొంతు తగ్గించింది. "చెప్పిన మాటొకటి, రాసిన మాటొకటి అని రాసినవాడే ఒప్పుకుంటే దస్తావేజు సవరించమని అడగొచ్చు. తేలిక కాదు. మీ పరువు పోతుంది. మావాడు ఎదురు తిరిగితే అసలు నిలవకపోవచ్చు కూడా." తన మనిషి వైపు చూడకుండా అంది.

చిన్న యజమాని కూడా ఎవరి వైపూ చూడలేదు. మిషను దగ్గరికి వెళ్లి, రంగుపోయిన కుడి బటన్ మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. అమ్మకం గడువు తొమ్మిది రోజులు. అతను ఔననలేదు, కాదనలేదు.

"బాబూ, నీమీద వేసిన మాట వెనక్కి తీసుకుంటున్నా" అన్నాడు లేఖరి. "తీసుకుంటే పోయే మాట కాదు. అయినా తీసుకుంటున్నా."

అతను తల ఊపాడో లేదో తెలియలేదు.

బయట వీధిలో మోటారు సైకిలు ఆగింది. ఇన్‌స్పెక్టరు ఐదు నిమిషాలు ముందే వచ్చాడు.

లేఖరి బల్ల మీదున్న తెల్ల కాగితం ఒకటి లాక్కుని, జేబులోంచి కలం తీశాడు. మొదటి వాక్యం ఆగకుండా రాశాడు: యజమాని నాకు చెప్పిన మాట 'బతికినంత కాలం'. దాన్ని మార్చింది నేను. రెండో వాక్యం మూడు నెలల కిందటి ఆదివారంతో మొదలవ్వాలి. కలం కాగితం మీద ఆనించాడు.

తలెత్తి చూశాడు. మేస్త్రీ కూతురు ఇంకా జవాబు కోసమే నిలబడి ఉంది. నాన్నకి ఏం చెప్పమంటారు అన్నట్టు.

"అమ్మాయీ" అన్నాడు, "ఆ పీట ఇటు లాక్కుని కూర్చో. నిలబడి వినే మాట కాదు."